ఉమ్మడి ప్రాంగణంలో మన వాకిలి

2023 ఏప్రిల్ 19న శ్రీకాకుళం జిల్లా మూలపేటలో పోర్టుకు, మే 3న విజయనగరం జిల్లా భోగాపురంలో అంతర్జాతీయ విమానాశ్రయానికి శంకుస్థాపనలు జరిగాయి. రెండు వారాల వ్యవధిలో జరిగిన ఆ రెండు కార్యక్రమాల తరువాత ఈ ప్రాంతంలో నేల గురించి మాట్లాడే తీరే మారిపోయింది. తోటలుగా, మెట్ట భూములుగా ఉన్న చోట హద్దురాళ్లు లేచాయి. ఆ వేడి పట్టణాల లోపలికీ పాకింది. విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల గానీ, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి నడక దూరంలో గానీ రోజు కూలితో బతికే కుటుంబం రెండు గదుల అద్దె ఇల్లు వెతుక్కోవడం నానాటికీ కష్టమవుతున్నది.

ఈ పరిస్థితిలో ప్రభుత్వాలు, పట్టణాభివృద్ధి సంస్థలు, ప్రైవేటు నిర్మాణదారులు ఒక కొత్త నమూనాను ముందుకు తెస్తున్నారు. ఒకే ప్రాంగణంలో పేదలకు, దిగువ మధ్యతరగతికి, మధ్యతరగతికి వేర్వేరు పరిమాణాల్లో ఇళ్లు, రోడ్డు వైపున దుకాణాల వరుస, నడుమ పార్కు, బడి, ఆరోగ్య కేంద్రం ఉంటాయి. దీనిని మిశ్రమ ఆదాయ గృహ సముదాయం అంటున్నారు. ఈ ఆలోచనను మేము స్వాగతిస్తున్నాము. అయితే అన్ని ఆదాయాల వారూ కలిసి ఉండాలని చెప్పే పథకం అన్ని మతాల వారూ కలిసి ఉండేందుకు ఏ ఏర్పాటు చేసిందన్న ప్రశ్నను, నక్షా కాగితం మీద ఉండగానే అడగవలసిన బాధ్యత మనపై ఉన్నది. గోడలు లేచిన తరువాత అడిగే ప్రశ్నకు విలువ తక్కువ.

ముందుగా ఈ నమూనాను ఎందుకు స్వాగతిస్తున్నామో చెప్పాలి. పేదలందరినీ ఊరికి దూరంగా ఒకే చోట చేర్చే పద్ధతి మనకు తెలియనిది కాదు. 2020 డిసెంబరు 30న విజయనగరం సమీపంలోని గుంకలాంలో 397 ఎకరాల్లో 12,301 ఇళ్ల స్థలాల పంపిణీకి శ్రీకారం చుట్టారు. అప్పటి పథకం ప్రకారం పట్టణ పేదలకు ఇచ్చింది తలా ఒక సెంటు, అంటే 48 గజాల పైచిలుకు. సొంత జాగా దొరకడం పేద కుటుంబానికి చిన్న విషయం కాదు. దానిని తక్కువ చేసి మాట్లాడము. కానీ ఒక పట్టణమంత జనాన్ని ఒకే ఆదాయ వర్గం నుంచి తెచ్చి ఒక్కచోట ఉంచితే, పని కోసం, పెద్ద ఆసుపత్రి కోసం, కాలేజీ కోసం ప్రతిరోజూ ఊళ్లోకి రావలసిందే. ఆటో కిరాయి కూలిలో కోత అవుతుంది. నాలుగు రకాల స్థోమత గల కుటుంబాలు కలిసి ఉన్న చోటికి బస్సు ముందుగా వస్తుంది, బడిలో ఉపాధ్యాయుడు నిలుస్తాడు, కుళాయి చెడితే అధికారి పలుకుతాడు. ఇది న్యాయమా కాదా అన్నది వేరే మాట; లోకం తీరు ఇదే.

2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ మార్గదర్శకాలు ఈ మిశ్రమాన్ని గుర్తించాయి. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టులో వేర్వేరు ఆదాయ వర్గాల ఇళ్లు కలిసి ఉండవచ్చునని, కనీసం 250 ఇళ్లు ఉండి, వాటిలో కనీసం 35 శాతం ఆర్థికంగా బలహీన వర్గాలకు కేటాయిస్తే కేంద్ర సాయం లభిస్తుందని అవి చెప్పాయి. మన రాష్ట్రంలో ఆ పథకం కింద టిడ్కో చేపట్టిన 2,62,216 ఇళ్లలో 300 చదరపు అడుగులవి 1,43,600, 365 అడుగులవి 44,304, 430 అడుగులవి 74,312. విజయనగరం సోనియానగర్‌లో, శ్రీకాకుళం పాత్రునివలసలో కనిపించే బహుళ అంతస్తుల వరుసలు ఈ పథకం ఫలమే. స్థోమతలో పెద్ద తేడా లేని కుటుంబాల కోసమే కట్టినా, ఒకే ప్రాంగణంలో వేర్వేరు పరిమాణాల ఇళ్లు అన్న అనుభవం మనకు అక్కడి నుంచే వచ్చింది. 2024లో ప్రకటించిన రెండవ దశ పథకం సంవత్సరానికి 9 లక్షల రూపాయల ఆదాయం వరకు గల కుటుంబాలను మూడు తరగతులుగా లెక్కలోకి తీసుకున్నది. కాబట్టి రాబోయే సముదాయాలు మరింత విస్తృతమైన మిశ్రమంగా ఉండే అవకాశమున్నది.

ఇక మన సంగతి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముస్లింలు వందకు ఒక్కరు కూడా లేరు. సంఖ్యలో తక్కువైనా ఈ నేలకు కొత్తవారు కాము. కుతుబ్‌షాహీల కాలంలో ఫౌజ్‌దారుగా వచ్చిన షేర్ మహమ్మద్ ఖాన్ 1641 ప్రాంతంలో కట్టించిన జామియా మస్జిదు శ్రీకాకుళంలో నేటికీ ఉన్నది. చికాకోల్ సర్కారు అన్న పేరు ఆ నాటి పాలన గుర్తు. విజయనగరం బాబామెట్టపై ఖాదర్ వలీ బాబా దర్గాకు వచ్చే జనంలో ఎవరు ఏ మతం వారో లెక్కించే అలవాటు ఇక్కడ ఎవరికీ లేదు. ఈ రెండు జిల్లాల సహజీవనం ఆ స్థాయిది. దానిని పదిలంగా కాపాడుకోవాలన్నదే మా ఉద్దేశం.

అయితే తక్కువ సంఖ్యకు ఒక ప్రత్యేకమైన కష్టం ఉన్నది. మైనారిటీల ప్రాంతాల్లో వసతుల కోసం కేంద్రం నడిపే ప్రధానమంత్రి జన వికాస్ కార్యక్రమంలో నిధులు రావాలంటే, ప్రతిపాదిత స్థలం చుట్టూ 15 కిలోమీటర్ల పరిధిలో మైనారిటీల జనాభా 25 శాతానికి మించి ఉండాలి. ఉత్తరాంధ్రలో ఆ షరతు నెరవేరే చోటు ఎక్కడ? కర్నూలుకో, గుంటూరుకో, హైదరాబాదు పాతబస్తీకో సరిపోయే కొలమానం మనకు సరిపోదు. ప్రత్యేక పథకాలు మన గుమ్మం దాకా రావు గనుక, అందరి కోసం వచ్చే పథకాల్లో మన వాటా మనకు అంది తీరాలి. గృహ సముదాయాల విషయంలో మేము ఇంత పట్టుదలగా మాట్లాడటానికి కారణం ఇదే.

మొదటి అంశం కేటాయింపు. ఆవాస్ యోజన మార్గదర్శకాల్లో ప్రాధాన్యం పొందవలసిన వర్గాల జాబితాలో వితంతువులు, ఒంటరి మహిళలు, వికలాంగులు, దళితులు, గిరిజనులతో పాటు మైనారిటీల పేరూ ఉన్నది. వృద్ధులు, వికలాంగులు ఉన్న కుటుంబాలకు వీలైనంత వరకు కింది అంతస్తుల్లో ఇల్లు ఇవ్వాలని కూడా ఉన్నది. కానీ ప్రాధాన్యం అన్న మాట పక్కన అంకె లేదు. 2006లో ప్రకటించిన ప్రధానమంత్రి 15 సూత్రాల కార్యక్రమం నాటి ఇందిరా ఆవాస్ యోజన లక్ష్యాల్లో 15 శాతం మైనారిటీలకు ఉద్దేశించాలని చెప్పింది. అది గ్రామీణ గృహాల మాట. పట్టణాల్లో మన ప్రాధాన్యం ఎంత మేరకు అమలైందో తెలియాలంటే లెక్కలు బయటికి రావాలి. ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎందరిని అర్హులుగా గుర్తించారు, ఎందరికి తాళాలు అందాయి అన్న మూడు అంకెలను వర్గాల వారీగా ప్రతి పురపాలక సంస్థ ప్రకటించాలని కోరుతున్నాము. ప్రకటించని చోట సమాచార హక్కు చట్టం-2005 కింద పది రూపాయల రుసుముతో అడిగే హక్కు ప్రతి పౌరునికీ ఉన్నది.

కేటాయింపులో మన కుటుంబాలు నష్టపోయే మరొక చోటు కాగితాల దగ్గర. ఆధార్‌లో షేక్ అని, రేషన్ కార్డులో షేఖ్ అని, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరే లేకుండా ఉంటే కంప్యూటరుకు వారు ముగ్గురు మనుషులు. పథకం ప్రకారం ఇల్లు కుటుంబంలోని మహిళ పేరున గాని, భార్యాభర్తల ఇద్దరి పేరున గాని రిజిస్టరు కావాలి. పెళ్లయి పదేళ్లయినా పుట్టింటి చిరునామాతోనే ఆధార్ ఉన్న ఆడబిడ్డలు మనలో ఎందరో! మస్జిదు కమిటీలు శుక్రవారం నమాజు తరువాత ఒక అరగంట ఈ కాగితాల సవరణకు కేటాయిస్తే, వార్డు సచివాలయంలో తిరస్కరణకు గురయ్యే దరఖాస్తులు చాలా తగ్గుతాయి. ఇది ప్రభుత్వాన్ని అడిగే పని కాదు. మన చేతిలో ఉన్న పని.

రుణం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రెండవ దశ పథకంలో ఒక భాగం వడ్డీ రాయితీ. 25 లక్షల వరకు గృహ రుణం తీసుకున్నవారికి మొదటి 8 లక్షలపై 4 శాతం చొప్పున, మొత్తం 1.80 లక్షల రూపాయల వరకు సాయం ఉంటుంది. వడ్డీతో కూడిన రుణానికి దూరంగా ఉండాలని భావించే కుటుంబానికి ఈ సాయం అందని ద్రాక్ష. నివాసావసరం కోసం తీసుకునే రుణంపై ఉలమాల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. వాటి మధ్య తీర్పు చెప్పడం సంపాదకీయం పని కాదు. మా కోరిక ఒక్కటే. లబ్ధిదారు తన వాటాను గృహ నిర్మాణ సంస్థకే నేరుగా, ముందుగా నిర్ణయించిన మొత్తాన్ని వాయిదాల్లో చెల్లించే వెసులుబాటు ఉండాలి. ఈ వెసులుబాటు వడ్డీ వద్దనుకునే ముస్లింకే కాదు, బ్యాంకు రుణం ఇవ్వని రిక్షా కార్మికునికీ, ఇళ్లలో పనిచేసే మహిళకూ ఉపయోగపడుతుంది.

రెండవ అంశం పొరుగు. ఇల్లు ప్రభుత్వం ఇచ్చినంత మాత్రాన కాపురం సాగదని 2024 జూన్‌లో వెలుగులోకి వచ్చిన వడోదర ఉదంతం నేర్పింది. ఆ నగరంలోని 462 ఇళ్ల సముదాయంలో ముఖ్యమంత్రి ఆవాస్ యోజన కింద 2017లో ఒక ముస్లిం మహిళకు ఇల్లు మంజూరైంది. ఆ సముదాయం మొత్తానికి ఆమె ఒక్కరే ముస్లిం. 33 మంది నివాసులు ఆమెకు ఇల్లు ఇవ్వవద్దని అధికారులకు విజ్ఞాపన ఇచ్చారు, నిరసన చేశారు. లాటరీ న్యాయంగానే జరిగింది. గుమ్మం దగ్గర అడ్డంకి వచ్చింది. ఉత్తరాంధ్రలో అలాంటిది జరగదని మా నమ్మకం. అయినా నమ్మకం మీదే వ్యవస్థను నడపలేము. అందుకే రాతలో రక్షణ కావాలి.

చట్టం ఎక్కడ నిలబడుతుందో కార్యకర్తలు తెలుసుకోవడం అవసరం. రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్లు వంటి చోట్ల మతం, కులం ఆధారంగా ప్రవేశాన్ని నిరాకరించరాదని చెప్పింది. 2011లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి బి. సుదర్శన్ రెడ్డి రాసిన తీర్పు ఆ అధికరణంలోని దుకాణం అన్న మాటను విశాలంగా అర్థం చేసుకోవాలని, సరుకులూ సేవలూ అందించేవారంతా దాని పరిధిలోకి వస్తారని వివరించింది. మరోవైపు, 2005లో జొరాస్ట్రియన్ సహకార గృహ నిర్మాణ సంఘం కేసులో అదే న్యాయస్థానం, పార్శీలకే సభ్యత్వం పరిమితం చేసిన సంఘం నియమావళిని సమర్థించింది. అంటే సహకార సంఘం పేరుతో తలుపు మూసుకునే వీలు నేటికీ ఉన్నది. ఇప్పుడు వచ్చే సముదాయాల నిర్వహణ సంఘాలు ఎలాంటి నియమావళి రాసుకుంటాయన్నది అందుకే కీలకం.

చాలామందికి తెలియని ఒక ఆయుధం రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం-2016లో ఉన్నది. ప్రాజెక్టును నమోదు చేయించేటప్పుడు నిర్మాణదారు ఫారం-బి అనే ప్రమాణ పత్రం సమర్పించాలి. ఇల్లు గాని, స్థలం గాని కేటాయించేటప్పుడు ఏ కారణంతోనూ ఎవరిపైనా వివక్ష చూపనన్న హామీ అందులో ఒక వాక్యం. "మీకు అమ్మితే మిగతావి అమ్ముడుపోవు" అని మర్యాదగా చెప్పి పంపే నిర్మాణదారుకు ఆయన సంతకం చేసిన ఆ కాగితాన్నే చూపవచ్చు. నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. అయితే ఈ హామీ నిర్మాణదారు కేటాయింపు వరకే. ఆ తరువాత యజమాని మరొకరికి అమ్మేటప్పుడు, అద్దెకు ఇచ్చేటప్పుడు చూపే వివక్షను ఇది తాకదు. ప్రభుత్వ భూమి గాని, ప్రభుత్వ రాయితీ గాని పొందిన ప్రతి సముదాయంలో నివాసుల సంఘం నియమావళిలోనే అమ్మకం, అద్దె రెండింటికీ ఈ హామీని చేర్చాలని కోరుతున్నాము. సచార్ కమిటీ 2006లోనే సమాన అవకాశాల కమిషన్ కావాలని సిఫారసు చేసింది. అది వచ్చి ఉంటే ఈ వెతుకులాట ఉండేది కాదు.

మూడవ అంశం దుకాణాలు. మన పట్టణాల్లో ముస్లిం కుటుంబాలు ఎక్కువగా చేతిపని మీద, చిల్లర వ్యాపారం మీద బతుకుతాయి. మోటారు సైకిల్ మరమ్మతు, దర్జీ పని, పండ్ల బండి, పరుపుల కుట్టుబడి, మాంసం దుకాణం, బిర్యానీ హోటల్ వంటివి ఇంటికి దగ్గరగా ఉంటేనే గిట్టుబాటు. ఇల్లు పాత్రునివలసలో, బండి ఏడు రోడ్ల కూడలిలో అయితే తెల్లవారుజామున సరుకు దించుకునేది ఎలా? సముదాయం ముందున్న దుకాణాలను పెద్ద గదులుగా కట్టి వేలం వేస్తే, అవి బ్రాండు షోరూములకూ మందుల గొలుసు దుకాణాలకూ పోతాయి. అక్కడ నివసించే పేదవాడు తన వాకిలి ముందే కొనుగోలుదారుగా మిగులుతాడు. కాబట్టి దుకాణాల్లో కొంత భాగాన్ని చిన్న గదులుగా కట్టి, ఆ సముదాయంలో నివసించే చేతిపనివారికి, ఆ స్థలంలో ముందు నుంచీ వ్యాపారం చేసుకుంటున్నవారికి స్థిరమైన అద్దెతో ఇవ్వాలి.

బండ్లు పెట్టుకునేవారికి వీధి విక్రేతల చట్టం-2014 అండగా ఉన్నది. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చే వరకు ఎవరినీ తొలగించరాదని అది చెబుతుంది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది విక్రేతల ప్రతినిధులే ఉండాలి. వారిలో మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలని చట్టంలోనే రాసి ఉన్నది. శ్రీకాకుళం, విజయనగరం కమిటీల్లో ఆ ప్రాతినిధ్యం ఎవరిదో పండ్ల బండి నడిపే మన సోదరునికి తెలుసా? తెలియకపోతే తెలుసుకోవాలి. మాంసాహారం పేరిట కొన్ని నగరాల్లో దుకాణాలకు, అద్దెలకు అభ్యంతరాలు వస్తున్నాయి. చేపల పులుసు వాసన రాని వీధి అరుదైన ఈ తీర ప్రాంతంలో అలాంటి నిబంధన ఎవరికీ నప్పదు. అయినా కొత్త నియమావళుల్లోకి అది దొంగచాటుగా చేరకుండా చూడవలసిన అవసరం ఉన్నది.

ఇక అన్నింటికంటే సున్నితమైన విషయం. లాటరీలో ఇళ్లు వస్తే ఐదు వందల కుటుంబాల మధ్య నాలుగు ముస్లిం కుటుంబాలు నాలుగు మూలలా పడవచ్చు. పిల్లలకు ఖుర్ఆన్ నేర్పే ఉస్తాదు దొరకడు, రంజాన్ సాయంత్రం ఇఫ్తారుకు పిలిచే గడప ఉండదు, మరణం సంభవిస్తే ఖబరస్తాన్ పది కిలోమీటర్ల దూరం. గుంపుగా ఉంటే వేరుపడ్డారంటారు. విడిగా ఉంటే ఒంటరివారవుతారు. పరిమిత సంఖ్య గల సమాజానికి ఈ రెండింటి నడుమ దారి కావాలి. సింగపూర్‌లో పది మందిలో దాదాపు ఎనిమిది మంది ప్రభుత్వం కట్టిన ఇళ్లలోనే ఉంటారు. అక్కడ 1989 నుంచి ప్రతి పేటలో, ప్రతి భవనంలో ఏ జాతివారు ఎంత శాతం మించరాదో పరిమితి ఉన్నది. వేర్వేరు జాతులు ఒకే మెట్ల మీద ఎదురుపడేలా చేసిన ఘనత దానిది. అదే పరిమితి వల్ల అల్పసంఖ్యాకులైన మలయ్‌లు, భారతీయులు ఇల్లు అమ్ముకోదలచినప్పుడు కొనేవారు తగ్గిపోవడం దాని లోపం. అంకెలతో బిగించే పద్ధతి మనకు అక్కరలేదు. కోరుకున్న నాలుగైదు కుటుంబాలు, ఏ మతం వారైనా సరే, ఒకే దరఖాస్తుగా పేర్లు ఇచ్చి ఒకే బ్లాకులో ఇళ్లు పొందే వీలు లాటరీలో కల్పిస్తే చాలు. వృద్ధ తల్లిదండ్రుల పక్కనే ఉండాలనుకునే హిందూ కుటుంబానికీ, చర్చికి కలిసి వెళ్లే క్రైస్తవ కుటుంబాలకూ ఇది అంతే మేలు. అలాగే పెద్ద సముదాయాల నక్షాలో శ్మశానానికి, ఖబరస్తాన్‌కు, క్రైస్తవ సమాధుల తోటకు స్థలం మొదటి రోజే గుర్తించాలి.

మా వాదనకు రెండు వైపుల నుంచి అభ్యంతరాలు వస్తాయని తెలుసు. మనవాళ్లలో కొందరు, ఇంత ప్రయాస ఎందుకు, నలుగురం కలిసి స్థలం కొని మన కాలనీ మనమే కట్టుకుందామంటారు. ఆ హక్కు ఎవరికైనా ఉన్నది. కానీ అది కొనగలిగిన వారికి తోడ్పడే పరిష్కారం. పండ్ల బండి సోదరుడు అందులోకి రాలేడు. పైగా వందకు ఒక్కరు లేని చోట వేరుగా ఉండే పేట బస్సుకూ బడికీ దూరమై, అనుమానానికి దగ్గరవుతుంది. మరికొందరు ప్రగతిశీల మిత్రులు, పేదవాడి ఇంటి విషయంలో మతం ప్రస్తావన ఎందుకు, పేదలను విడదీయడమే కదా అంటారు. మేము కోరినవాటిని మరొకసారి చూడమని వారికి మనవి. లెక్కల ప్రకటన, వడ్డీలేని వాయిదా, నియమావళిలో వివక్ష నిషేధం, చిన్న దుకాణాలు, కలిసి దరఖాస్తు చేసుకునే వీలు: వీటిలో దళిత కుటుంబానికి, వలస వచ్చిన మత్స్యకారునికి, ఒంటరి మహిళకు పనికిరానిది ఒక్కటైనా ఉన్నదా? అద్దె ఇల్లు అడిగినప్పుడు ముందుగా కులం పేరు అడిగించుకునే దళితునికి మన బాధ వివరించి చెప్పనక్కరలేదు. ఈ పోరాటంలో మన మొదటి మిత్రులు వారే.

పాఠకులకు మా విజ్ఞప్తి ఇది. మీ పట్టణంలో కొత్త గృహ సముదాయం ప్రతిపాదన వచ్చిందని తెలిసిన వెంటనే నక్షా చూడండి. అభ్యంతరాలకు, సూచనలకు గడువు ఇస్తే మస్జిదు కమిటీ, మహిళా సంఘం, వర్తకుల సంఘం కలిసి లిఖితపూర్వకంగా పంపండి. ప్రతి సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. వార్డు సభ్యుడిని, పొరుగున ఉన్న ఇతర మతాల పెద్దలను వెంట తీసుకువెళ్లండి. ఒంటరిగా వెళ్లిన వినతికి, పది మంది పేరిట వెళ్లిన వినతికి తేడా ఉంటుంది. నివాసుల సంఘం ఏర్పడే రోజున తప్పక హాజరై, నియమావళి చదివి, సభ్యత్వం తీసుకోండి. ఆ సమావేశంలో కుర్చీ ఖాళీగా వదిలేస్తే తరువాత పదేళ్లు దాని ఫలితం అనుభవించవలసి వస్తుంది.

పొరుగువారి హక్కును విశ్వాసంలో భాగంగా నేర్పిన సంప్రదాయం మనది. ఆ బోధను మనం పాటించాలంటే మనకు పొరుగు ఉండాలి. పురపాలక సంస్థలు, పట్టణాభివృద్ధి సంస్థలు రాబోయే సముదాయాల టెండరు పత్రాల్లోనే ఈ షరతులను చేర్చాలని, శ్రీకాకుళం, విజయనగరం శాసనసభ్యులు ఈ విషయాన్ని సభలో ప్రస్తావించాలని కోరుతున్నాము. వారు ఏమి చేశారో రానున్న సంచికల్లో మా పాఠకులకు తెలియజేస్తాము.